విద్యార్థిని పంపినవాని పూచీ

చేతులతో వెన్నెముకను, కీళ్ళను సవరించి నొప్పుల నుపశమింపజేయు కైరోప్రాక్టిక్ వృత్తి అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనించి నూటముప్పది సంవత్సరములైనది; నేడు ఆ దేశమున దాదాపు 70,000 మంది లైసెన్సు పొంది ఆ వృత్తిని సాగించుచున్నారు. ఈ విద్యలోనికి మీరెట్లు వచ్చితిరని వీరిలో ఎవరి నడిగినను, వారి సమాధానములో మరియొక వైద్యుని పేరు వినవచ్చుట సర్వసాధారణము. ఆటలో నడుము పట్టి మంచమెక్కిన బాలుడు, తల్లి వెంట చికిత్సాలయమునకు పోయి ఆమె బాధ తగ్గుట కన్నులార చూచిన బాలిక, తండ్రియో మేనమామయో ఆ పనిలో నుండగా ఆ వాతావరణముననే పెరిగిన బిడ్డ, ఇట్టివారు పెక్కుమంది పెద్దవారై ఈ విద్యను వరించిరి. కనుక, వృత్తిలో నున్న వైద్యులు రాబోవు విద్యార్థుల నెట్లు ప్రోత్సహింపవలెను, ఎట్లు కళాశాలలకు పంపవలెను అను ప్రశ్న కళాశాలల హాజరుపట్టీలతో ముగియునది కాదు. ఒక యువకుని యౌవనమును, అతడు తలకెత్తుకొనబోవు ఋణమును, రేపు అతని చేతిక్రింద పరుండబోవు రోగి క్షేమమును ఒక్క సిఫారసుమాటతో ముడివేయు ప్రశ్న. ఆ మాట నాడినవాడు ఆ యువకునికి పూచీపడినవాడే యని నా నిశ్చితాభిప్రాయము.

వైద్యుడు విద్యార్థిని పంపు ఈ ఆచారము వృత్తితోడనే పుట్టినది. కెనడాలో జన్మించి, అయోవా రాష్ట్రమున మిసిసిపీ నదీతీరమందలి డావెన్‌పోర్టు పట్టణమున అయస్కాంతచికిత్స చేయుచుండిన డేనియల్ డేవిడ్ పామర్, 1895 సెప్టెంబరు 18వ తేదీన, తన కార్యాలయమున్న భవనమును ఊడ్చి శుభ్రపరచు పనిలో నుండి చిరకాలముగా చెవుడుతో బాధపడుచుండిన హార్వే లిల్లార్డ్ అను నల్లజాతీయుని వీపున ఎముకను సర్ది, వినికిడి తిరిగివచ్చినదని ప్రకటించెను. 1897లో ఆయన పాఠశాల తెరచినపుడు చేరినవారిలో కొందరు అప్పటికే ఇతర పద్ధతుల వైద్యులు. కొందరు ఆయన యొద్ద చికిత్స పొందినవారు. అనతికాలమున ఆయన కుమారుడు బార్ట్‌లెట్ జాషువా పామరు కూడ శిష్యుడాయెను. ప్రభుత్వపు గుర్తింపు లేదు, పట్టభద్రులకు చట్టరక్షణ లేదు. 1906లో లైసెన్సు లేక వైద్యము చేసినాడను నేరముపై డేనియల్ పామరే చెరసాల చూచెను. కాన్సాసు రాష్ట్రము 1913లో తొలి కైరోప్రాక్టిక్ చట్టమును చేయగా, లూసియానా 1974 వరకు తన తలుపు తెరవలేదు. ఈ అరువది యేండ్ల కాలమున ఒక వైద్యుడు ఒక యువకునితో నీవును ఈ పనిలోనికి రమ్మని చెప్పుట యనగా, తాననుభవించిన నిందలో, కొన్ని యెడల తాను చవిచూచిన కారాగారములో, భాగము పంచుకొమ్మని యడుగుటయే. అట్టి యాహ్వానమును మన్నించి వచ్చినవారికి, పిలిచినవారికి నడుమ ఏర్పడిన బంధము గురుశిష్యబంధమునకు తీసిపోవునది కాదు.

వ్యతిరేకులు తెలియకయే ఈ బంధమును మరింత బిగించిరి. అమెరికన్ వైద్యసంఘము 1963లో ఒక ప్రత్యేక సమితి నేర్పరచి, కైరోప్రాక్టర్లతో వృత్తిసంబంధము పెట్టుకొనుట తన సభ్యుల నీతినియమములకు విరుద్ధమని శాసించెను. చెస్టర్ విల్క్ మరి కొందరు కైరోప్రాక్టర్లతో కలసి 1976లో దావా వేయగా, న్యాయమూర్తి సుసాన్ గెట్జెన్‌డానర్ 1987లో ఆ బహిష్కారము చట్టవిరుద్ధమని తీర్పు చెప్పిరి. 1990లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచినది. ఈ దీర్ఘకాలమున కుటుంబవైద్యుడు తన యొద్దకు వచ్చిన విద్యార్థికి ఈ దారి చూపుట కల్ల. పాఠశాలలో ఉపాధిసలహా నిచ్చువారికి ఈ వృత్తి యొకటి కలదను స్మరణయే అరుదు. మిగిలిన ద్వారము ఒక్కటే, అది పని చేయుచున్న కైరోప్రాక్టరు చికిత్సాలయపు ద్వారము.

కళాశాలలు ఈ సత్యమును చక్కగా నెరిగినవి. పామరు కుమారుడు పూర్వవిద్యార్థుల నందరిని ఏటేట డావెన్‌పోర్టునకు పిలిచి పెద్ద సమ్మేళనములు జరిపెను. 1922లో రేడియో కేంద్రమునే కొని తన విద్యను ఆకాశవీధిని చాటెను. కాని ఆయన చరిత్రలోనే ఒక గుణపాఠము కలదు. ఈ విషయమును విచారించు ప్రతివాడును దానియొద్ద కొంతసేపు నిలువవలెను. 1924 ఆగస్టు సమ్మేళనమున ఆయన, వెన్నెముక కిరుప్రక్కల వేడిమిభేదమును చూపు న్యూరోకాలోమీటర్ అను యంత్రమును ప్రకటించి, ఇది లేనిదే ఎవ్వరును సరియైన చికిత్స చేయజాలరనియు, యంత్రమును అమ్మక వేలాది డాలర్లకు అద్దెకు మాత్రమే ఇత్తుననియు చెప్పెను. అంతవరకు ఆయనను దైవమువలె కొలిచిన పట్టభద్రులు పలువురు మనసు విరిగి దూరమైరి. ఆయన అధ్యాపకులలో ముఖ్యులు కొందరు వెడలిపోయి 1926లో ఇండియానాపొలిస్ నగరమున లింకన్ కళాశాలను స్థాపించిరి. పామరు పాఠశాలలో విద్యార్థిసంఖ్య కూలిపోయెను. రేడియో మ్రోగుచునే యున్నది, భవనములు నిలిచియే యున్నవి, ప్రకటనలు వెలువడుచునే యున్నవి. అయినను విద్యార్థులు రాలేదు. ఏలయన, ఊరూర చికిత్సాలయములలో కూర్చుండి బిడ్డలను పంపుచుండిన ఆ పట్టభద్రుల నమ్మకము పోయినది. వైద్యుని సిఫారసును కళాశాల కొనజాలదు, ఆజ్ఞాపింపజాలదు. తన నడవడిచేత సంపాదించుకొనవలసినదే యని ఆ యుదంతము నిరూపించినది.

ఇంతటి యాధారపడుట యేల యనగా, దానికి ధనకారణము కలదు. అమెరికాలో కైరోప్రాక్టిక్ విద్య దాదాపు అంతయు ప్రైవేటు కళాశాలల చేతిలోనే పెరిగినది. ప్రభుత్వ విశ్వవిద్యాలయముల నీడ దానికి చిరకాలము దొరకలేదు. ఫ్లోరిడా శాసనసభ 2004లో ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయమున కైరోప్రాక్టిక్ కళాశాల పెట్టుటకై ఏటికి తొంబది లక్షల డాలర్లు మంజూరు చేసినను, ఆచార్యులు తీవ్రముగా ప్రతిఘటింపగా, 2005 జనవరిలో విశ్వవిద్యాలయముల పాలకమండలి ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చెను. పరిశోధననిధులును ప్రభుత్వధనమును స్వల్పమే యైనపుడు కళాశాలకు జీవనాధారము విద్యార్థి చెల్లించు రుసుమే. రెండవ ప్రపంచయుద్ధానంతరము మాజీ సైనికులకు ప్రభుత్వమిచ్చిన విద్యావేతనములు ఒక పోటుగా విద్యార్థులను తెచ్చినవి. 1974లో కైరోప్రాక్టిక్ విద్యామండలికి కేంద్రప్రభుత్వ విద్యాకార్యాలయపు గుర్తింపు లభించిన పిమ్మట ప్రభుత్వఋణములు మరియొక పోటును తెచ్చినవి. 1990ల చివర ఆ పోటు తీసినది. ప్రవేశములు గణనీయముగా తగ్గగా, ప్రతి కళాశాలయు తన పూర్వవిద్యార్థుల వంక చూచి, మీ రోగులలో, మీ బంధువులలో యోగ్యులెవరైన నున్న పంపుడని యడుగుట తీవ్రతరమాయెను.

ఇక పంపువాడు చేయవలసిన పని యేది? ఉపన్యాసములకంటె, కరపత్రములకంటె శక్తిగలది చికిత్సాలయమున కూర్చుండనిచ్చుట. ఆసక్తిగల విద్యార్థిని కొన్ని దినములు తన వెంట నుంచుకొని, ఉదయమున తలుపు తీయుట మొదలు రాత్రి లెక్కలు వ్రాయుట వరకు సర్వమును చూపవలెను. రోగి యొక్క సమ్మతి లేనిదే విద్యార్థి ఆ గదిలో నుండరాదు. 1996 నాటి ఆరోగ్యసమాచార చట్టము దీనికి న్యాయబలము నిచ్చినది గాని, చట్టము లేకున్నను ఇది మర్యాద. విద్యార్థి చూడవలసినది వెన్నెముక సర్దునపుడు వచ్చు టప్పను ధ్వని మాత్రమే కాదు. బీమాకంపెనీ తిరస్కరించిన బిల్లును మరల వ్రాయుచు గడపిన మధ్యాహ్నమును, చికిత్సకు లొంగని నొప్పిని చూచి ఇది నా పని కాదు శస్త్రవైద్యుని యొద్దకు పొమ్మని చెప్పిన క్షణమును, రోజంతయు వంగి పని చేయుటచే వైద్యుని మణికట్టే నొచ్చుటను అతడు చూడవలెను. రోగితో వైద్యుడు మాటలాడు తీరు, మెడను తాకుటకు ముందు అడుగు ప్రశ్నలు, అనుమానము కలిగినపుడు చేయి వెనుకకు తీసికొను వివేకము, ఇవి పుస్తకములలో కలవుగాని, ప్రక్కన కూర్చుండి చూచినవానికి వేరుగా పట్టుబడును.

తరువాతి పని లెక్కలు చెప్పుట. విద్యామండలి నియమముల ప్రకారము ప్రవేశమునకు కళాశాలచదువులో 90 సెమిస్టరు క్రెడిట్లు, అందు 24 జీవ, భౌతికశాస్త్రములలో, సగటున నాలుగింట మూడు మార్కులు కావలెను. అటుపై సాధారణముగా పది ట్రైమెస్టర్లు (ఏటికి మూడు వచ్చు పాఠకాలములు). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వెలువరించిన మార్గదర్శకములు పూర్తి శిక్షణకు 4,200 గంటలకు తగ్గని బోధనను, అందు 1,000 గంటల పర్యవేక్షితచికిత్సను కోరినవి. జాతీయ పరీక్షామండలి పరీక్షలు నాలుగు భాగములు. హైస్కూలులో రసాయనశాస్త్రమును వదలివేయబోవు పిల్లవానికి ఈ సంగతి ఆ యేటనే చెప్పగల వైద్యుడు, నాలుగేండ్ల తరువాత ఎంత గొప్ప సిఫారసులేఖ వ్రాసినవానికన్నను మేలు చేసినవాడు. సిఫారసులేఖ విషయమున నాకు ఒక్కటే తోచుచున్నది: ఆ విద్యార్థిని తాను చూచిన సంగతులే వ్రాయవలెను. వృత్తి కీర్తనతో నిండిన లేఖ ఏ విద్యార్థికైనను సరిపోవును, కనుక ఏ విద్యార్థికిని ఉపకరింపదు.

అన్నిటికంటె కఠినమైనది ఋణముమాట. చదువు ముగియునప్పటికి లక్షడాలర్లు దాటిన అప్పుతో వెలుపలికి వచ్చువారు నేడు సామాన్యము. ఆరంభపు సంపాదనయో, మందులవైద్యులకు వచ్చుదానితో పోల్చదగినది కాదు. 1978 నుండి 1998 వరకు నడచిన ఆరోగ్యవిద్యాఋణ పథకమున బాకీ చెల్లింపజాలని వారి పట్టికలో కైరోప్రాక్టర్ల పాలే అన్ని వృత్తులవారికంటె అధికముగా నుండెను. ఇది దాచదగిన విషయము కాదు. తాము 1985లో చదివి తీర్చిన ఋణమును స్మరించుకొని, కష్టపడిన అంతయు తీరును నాయనా యని పలుకు పెద్దలు కలరు. వారి సద్భావమును శంకింపను, కాని వారి లెక్క నేటి లెక్క కాదు. వెయ్యి అబద్ధములాడియైన ఒక పెండ్లి చేయుమని మనవారందురు. విద్యార్థిని కళాశాలతో కూర్చు ఈ సంబంధమున ఒక్క అబద్ధమును పనికిరాదు, ఏలయన వియ్యమందినవారు కాక కుదిర్చినవాడే ఊరిలో ఆ విద్యార్థి తల్లిదండ్రుల ముఖము చూడవలసియుండును. ప్రతి కళాశాలయు తన విద్యార్థులలో ఎందరు చదువు పూర్తి చేసిరో, ఎందరు జాతీయపరీక్షలలో ఉత్తీర్ణులైరో బహిరంగముగా ప్రకటించుట విద్యామండలి విధించిన నియమము. ఆ యంకెలను విద్యార్థితో కలసి కూర్చుండి చదువుట, తన కళాశాల అంకెలు తక్కువగానున్న ఆ మాటయు చెప్పుట, పంపువాని కనీసధర్మము.

ఇక్కడ శాస్త్రవివాదమును దాటిపోరాదు. వెన్నుపూస స్థానభ్రంశమే దాదాపు సర్వరోగములకు మూలమను పామరుల సిద్ధాంతమును ముఖ్యముగా పట్టుకొన్నవారు ఒక పక్షము. దానిని విడిచి, నడుము, మెడ, కీళ్ళ నొప్పులకు పరిమితమై, పరిశోధనను ప్రమాణముగా గొన్నవారు మరియొక పక్షము. ఈ చీలిక వృత్తి తొలిదశనుండియు కలదు. కళాశాలలును దీనిననుసరించియే భిన్నమార్గముల నున్నవి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అను వైద్యసంఘము 2017 మార్గదర్శకములలో నడుమునొప్పికి మందులు లేని చికిత్సలలో నొకటిగా వెన్నెముక సవరణను పేర్కొన్నది. ఇది ఈ వృత్తికి గౌరవము. బ్రిటన్‌లోని జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లో, ఆ స్థానభ్రంశము రోగకారణమని చెప్పుటకు సాక్ష్యము లేదని స్పష్టీకరించినది. ఇదియు గౌరవమే యని నేను భావింతును, తన యింటిని తాను శోధించుకొను ధైర్యమది. మెడను తిప్పు చికిత్సతో అత్యరుదుగా రక్తనాళము చీలు ప్రమాదము ముడిపడియున్నదా యను చర్చ ఇంకను తీరలేదు. పంపువాడు ఏ పక్షమువాడైనను కావచ్చును. రెండవ పక్షమును దాచి పంపినచో ఆ విద్యార్థి మూడవ ట్రైమెస్టరులో ఇతరుల నోట విని, తన్ను పిలిచినవానిని సందేహించును. ఆ సందేహము వృత్తికే తగులును.

ప్రతిఫలముల సంగతి. విద్యార్థులకు కేంద్రప్రభుత్వ సహాయము పొందు విద్యాసంస్థలు, చేర్పించిన తలకొక కమీషను చొప్పున ఎవ్వరికిని చెల్లింపరాదని 1992 నాటి ఉన్నతవిద్యాచట్ట సవరణలు నిషేధించినవి. చట్టముండుట మేలు. విద్యార్థి దరఖాస్తు రుసుమును రద్దుచేయుట, పూర్వవిద్యార్థులు చందాలతో విద్యార్థివేతనము నెలకొల్పుట, ఇట్టివి విద్యార్థి చేతికి పోవునవి గనుక నిర్దోషములు. పంపినవాని చేతికి ఏమి వచ్చినను అతని మాట విలువ తగ్గును.

ఈ పద్ధతిలోని లోపము నొకదానిని వృత్తిలోనివారు తగినంతగా తలపరని నా చింత. పరిచయముచే పిలుచునపుడు మనిషి తనవంటివానినే పిలుచును. కైరోప్రాక్టిక్ కథలో తొలి రోగి నల్లజాతీయుడు. ఆయన వీపుపై నిలిచిన పామరు పాఠశాలయే ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున నల్లవారికి ప్రవేశము నిరాకరించినది. స్త్రీలు తొలినుండియు కలరు. మైనోరా పాక్సన్ ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దముననే పాఠ్యగ్రంథము వ్రాసినవారిలో నొకరు, పామరు కోడలు మేబెల్ శరీరనిర్మాణశాస్త్రమును బోధించెను. కాని ఒక జాతివారిని అరశతాబ్దము గుమ్మమునకు వెలుపల నుంచిన వృత్తిలో, ఆ జాతి వైద్యులు కొద్దిమందియే యగుదురు. కొద్దిమందియే యైనపుడు పిలుచువారును కొద్దిమందియే. ఈ చక్రమును తెంచుట కళాశాలల విజ్ఞప్తులచేత కాదు. తన చికిత్సాలయమునకు వచ్చు రోగులలో తనకు బంధువులు గాని వారి బిడ్డలను, తన చర్చికి రాని కుటుంబముల బిడ్డలను పేరుపెట్టి పిలిచి, నీవును చదువగలవని చెప్పు వైద్యులవలననే అది సాధ్యము.

అన్యదేశముల పద్ధతి తెలిసికొనిన పోలిక స్పష్టమగును. డెన్మార్కులో 1994 నుండి ఓడెన్సె నగరమందలి విశ్వవిద్యాలయమున ఈ విద్య ప్రభుత్వవ్యయముతో, వైద్యవిద్యార్థులతో కలసి తరగతులందు సాగుచున్నది. అచట రుసుము లేదు గనుక కళాశాలకు విద్యార్థుల కొరత భయము లేదు, సీట్లకే పోటీ. వైద్యుడు అచటను పిల్లలను ప్రోత్సహించును గాని, ఆ ప్రోత్సాహము కళాశాల మనుగడ భారమును మోయనక్కరలేదు. టొరంటోలో 1945లో స్థాపితమైన కెనడియన్ మెమోరియల్ కళాశాల, ఇంగ్లండులో 1965లో బోర్న్‌మత్‌లో స్థాపితమైన కళాశాల అమెరికా తీరునకు కొంత దగ్గరవి.

మన యువకులకు ఈ ప్రశ్నతో సంబంధము లేకపోలేదు. ఎముకలు సర్దు విద్య తెలుగునేలకు క్రొత్త కాదు. చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు నెరుగనివా రరుదు, ఆ విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చినది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో బిడ్డ వైద్యము చదువవలెనన్న తల్లిదండ్రుల మనసులో ఒక్క రూపమే యుండును. కైరోప్రాక్టిక్ అన్నచో తెల్లబోవుదురు. ఆ దేశమున వృత్తి చేయు తెలుగు కైరోప్రాక్టరు ఆ పిల్లవానితోనే గాక, ఆ తల్లిదండ్రులతోను కూర్చుండి మాటలాడవలెను. ఒక్క సంగతి మాత్రము ఖచ్చితముగా చెప్పవలెను: భారతదేశమున కైరోప్రాక్టర్లకు లైసెన్సునిచ్చు ప్రత్యేకశాసనము లేదు, ఆ పట్టాతో ఇచట వైద్యునిగా నమోదగుట పొసగదు. స్వదేశమునకు మరలవలెనను తలంపు గలవాడు ఇది ముందే యెరుగవలెను.

పూచీ ప్రవేశపత్రముతో తీరదు. విద్యార్థి తొలి ట్రైమెస్టరులో శవచ్ఛేదనశాలనుండి వచ్చి నిద్రపట్టక పంపిన సందేశమునకు బదులిచ్చువాడు ఎవడు? చివరి ట్రైమెస్టరులో కళాశాల వెలుపల అనుభవజ్ఞుని చికిత్సాలయమున శిక్షణ పొందునపుడు చోటిచ్చువాడు ఎవడు? పట్టభద్రుడై వచ్చినపుడు, క్రొత్తవాడను సాకుతో అత్యల్పజీతమునకు, ఏండ్లతరబడి పొరుగున క్లినిక్కు పెట్టరాదను షరతుతో ఒప్పందము వ్రాయించుకొనువారు కలరు. పిలిచినవారే అట్లు వ్రాయించుకొనిన అది క్షమింపరాని తప్పు. మరియు, అందరికంటె యోగ్యుడైన పంపువాడు కొన్ని వేళల పంపడు. చికిత్సాలయమున కొన్ని దినములు కూర్చుండిన పిల్లవానికి కండరముల వ్యాయామముపై మక్కువ గలదని గ్రహించినపుడు, నాయనా, నీవు ఫిజియోథెరపీ చదువుము, ఆ విద్య నేర్పు కళాశాలలో నాకు తెలిసినవా రున్నారని చెప్పి, ఆ కళాశాలకే లేఖ వ్రాసి యిచ్చును.